ముప్పై ఆంపియర్ల ఇంజనీరు

ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదంటారు. పెళ్లిళ్లు పెట్టుకోరు, గృహప్రవేశాలు చెయ్యరు. అద్దెకు తెచ్చిన బండిలో మనవణ్ణి వెంటేసుకుని కొండలు చూడబోవడం తప్పని మాత్రం ఏ పంచాంగకర్తా రాయలేదు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. తెలిసే అడ్డం పడ్డాను. విద్యుత్ శాఖలో డి.ఇ.గా రిటైరై, డెన్వర్‌లో కొడుకింట్లో కొన్నాళ్లుండటానికి వచ్చిన మనిషికి చెలాయించడానికి ఏం మిగులుతుంది? టీవీ రిమోట్ మనవడిది. వంటిల్లు మా ఆవిడదీ కోడలిదీ. కారు అబ్బాయిది. పంచాంగం ఒక్కటే ఇంకా నా సంతకం కోసం ఆగే ఫైలు. అబ్బాయి జూలైలో సెలవు పెట్టి, "నాన్నా, ఆర్వీ, అదే చక్రాల మీద ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని సౌత్ డకోటా వెళ్దాం" అనగానే, "ఆషాఢంలో కొత్త బండి ఎక్కడమేమిట్రా, శ్రావణం రానీ" అన్నాను.

"ఆషాఢం అమెరికాలో కూడా ఉంటుందా తాతయ్యా?" అన్నాడు మనవడు. చంద్రుడు అందరికీ ఒక్కడేరా అని వాడి నోరు మూయించాను.

2024లో ఆషాఢం ఆగస్టు 4న అమావాస్యతో పోయింది. ఆ వారంలోనే బయల్దేరాం. మా పంచాంగంలో లేనిదొకటి ఆ ప్రాంతపు క్యాలెండర్లో ఉంది. ఆగస్టు 2 నుంచి 11 దాకా స్టర్జిస్ మోటార్‌సైకిల్ ర్యాలీ. స్టర్జిస్ అంటే ఏడువేల చిల్లర జనాభా ఉన్న ఊరు. 1938లో అక్కడ మొదలైన బైకుల జాతర ఇప్పటికీ జరుగుతోంది, లక్షల్లో జనం దిగుతారు. ఆ ఊళ్లో పట్టని జనమంతా అరగంట దూరంలోని రాపిడ్ సిటీలో సర్దుకుంటారు. రాపిడ్ సిటీ జనాభా డెబ్భై అయిదువేల పైచిలుకు, మన లెక్కలో ఓ మోస్తరు మునిసిపాలిటీ. బ్లాక్ హిల్స్ కొండలకీ, రష్‌మోర్ శిల్పాలకీ, బ్యాడ్‌ల్యాండ్స్‌కీ గుమ్మం అదే. అందుకని ఊరి చుట్టూ ఏ దారి పట్టినా ఆర్వీ పార్కుల బోర్డులు కనిపిస్తాయి. ఆ వారం ఆ బోర్డుల కింద ఒకటే మాట వేలాడుతోంది: ఖాళీల్లేవు.

నేనేమో రాజమండ్రిలో స్నేహితులందరికీ ముందే ఫోన్లు చేసి ఉన్నాను. హోటళ్లెందుకయ్యా, ఇల్లే మన వెంట వస్తుంటే! వెనక మంచం, డ్రైవరు నెత్తిమీద ఇంకో మంచం, మధ్యలో గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు, పక్కన బాత్రూము, కప్పు మీద ఏసీ. ఎక్కడ పొద్దుగూకితే అక్కడ ఆపుకుని పడుకోవడమే అన్నాను. ఆ ఆఖరి ముక్క ఎక్కడ చదివానో, అసలు చదివానో లేదో కూడా చెప్పలేను.

ఆ బండిని ఎక్కడపడితే అక్కడ ఆపడానికి లేదు. కస్టర్ స్టేట్ పార్కులో స్థలం కావాలంటే ఏడాది ముందే బుక్ చేసుకునేవాళ్లున్నారు. అందులో సిల్వన్ లేక్ క్యాంప్‌గ్రౌండులోకి 27 అడుగులు దాటిన బండిని రానివ్వరు, మాది అంతకంటే పొడుగు. నేషనల్ ఫారెస్టులో షెరిడన్ లేక్, పక్టోలా జలాశయాల ఒడ్డున పైన్ చెట్ల మధ్య చక్కటి స్థలాలున్నాయి. అబ్బాయి ముందుగా అక్కడే ప్రయత్నిద్దామన్నాడు. కరెంటు పాయింటుండదు, మనమే సర్దుకోవాలి అన్నాడు. "కరెంటు లేని చోటికి నన్ను తీసుకెళ్తావట్రా? నన్ను?" అన్నాను. నా సర్వీసంతా కరెంటు లేని ఊళ్లకి కరెంటు తేవడంలో గడిచిందని వాడికి గుర్తుచేశాను. చివరికి ఊరికి తూర్పున, తొంభయ్యో నంబరు ఇంటర్‌స్టేట్ రోడ్డు పక్కన, ఎవరో రద్దు చేసుకున్న స్థలం దొరికింది. మామూలు రోజుల ధరకి రెట్టింపు పైన. చెట్టు లేదు. కంకర పరిచిన నేల, ఓ బల్ల, ఓ కరెంటు పెట్టె, ఓ నీళ్ల కొళాయి, నేలలో మూత ఉన్న ఓ చిల్లు. రాత్రంతా ట్రక్కులూ, వాటిని మించి హార్లీ బళ్లూ.

ఇలాంటి క్యాంప్‌గ్రౌండ్లని గొలుసు వ్యాపారంగా మార్చిన సంస్థ పుట్టింది అక్కడికి అయిదారు గంటల దూరంలోనే. 1962లో మోంటానా రాష్ట్రం బిల్లింగ్స్‌లో డేవ్ డ్రమ్ అనే ఆయనకి సియాటిల్ వరల్డ్ ఫెయిర్‌కి వెళ్లే కుటుంబాలు ఊరి మీదుగా పోతూ కనిపించాయి. నది ఒడ్డున తన స్థలంలో వాళ్లకి బస ఏర్పాటు చేశాడు. వేడినీళ్ల స్నానం, బల్ల, పొయ్యి, చిన్న కొట్టు, అన్నీ కలిపి రాత్రికి డాలరు ముప్పావు. అదే తర్వాత కేఓఏ అనే గొలుసు సంస్థ అయింది. అబ్బాయి ఈ కథ చెబుతుంటే నేను మా కంకర నేలకి కట్టిన డబ్బుని డాలరు ముప్పావుతో భాగించి, ఆ మొత్తంతో అప్పట్లో ఎన్ని రాత్రులు పడుకోవచ్చో వాడికి చెప్పాను. "జూలైలో వచ్చుంటే సగం పడేది నాన్నా" అన్నాడు వాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఇక అసలు కథ.

కరెంటు పెట్టె దగ్గరికి నేనే వెళ్లాను. అబ్బాయి వస్తానంటే వద్దన్నాను. మూత తెరిస్తే లోపల మూడు సాకెట్లు: మామూలుది ఒకటి, ముప్పై ఆంపియర్లది ఒకటి, యాభైది ఒకటి. మా బండి తీగ ముప్పైది. బొటనవేలంత లావు తీగ, మూడు పిన్నుల ప్లగ్గు. దాన్ని గుచ్చి బ్రేకరు పైకి ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ప్రకటించాను: "ముప్పై ఆంపియర్లు! దాదాపు ఏడు కిలోవాట్లు! రాజమండ్రిలో మన ఇంటి మొత్తం లోడు కూడా అంత లేదు. ఏం కావాలంటే అవి వేసుకోండి."

లెక్క సరైందే. 30ని 230తో గుణిస్తే 6,900. గుణకారంలో నన్ను పట్టుకోలేరు.

మా ఆవిడ కరెంటు కుక్కర్లో పప్పు పెట్టింది, వెయ్యి వాట్లు. కోడలు మైక్రోవేవులో పాలు పెట్టింది, అది ఓ పదిహేనువందలు లాగుతుంది. నెత్తిన ఏసీ ఇంకో పదిహేనువందలు. స్నానానికని గీజరు కరెంటు మీద పెట్టించింది కూడా నేనే, పద్నాలుగువందలు. మొత్తం అయిదువేల నాలుగువందలు. నా లెక్క ప్రకారం ఇంకా పదిహేనువందలు చేతిలో ఉన్నాయి. టక్‌మని శబ్దమొచ్చింది. అన్నీ ఆరిపోయాయి. ఏసీ ఆగిన నిశ్శబ్దంలో మోటార్‌సైకిళ్లు మరింత స్పష్టంగా వినిపించాయి.

"సప్లై నాసిరకం" అన్నాను. బ్రేకరు ఎత్తాను. మళ్లీ టక్. "బ్రేకరు అరిగిపోయింది" అన్నాను. వేసవిలో వినియోగదారులు ఫోన్ చేసి మొత్తుకుంటుంటే మా సెక్షనాఫీసుల్లో చెప్పే జవాబులన్నీ వరసపెట్టి చెప్పాను. అబ్బాయి ఏమీ అనకుండా బండి సొరుగులోంచి చిన్న తీగ ఒకటి తీశాడు. ఒక కొసన యాభై ఆంపియర్ల ప్లగ్గు, ఇంకో కొసన ముప్పై సాకెట్టు. ఈ జనం దాన్ని కుక్క ఎముక అంటారట, ఆకారాన్ని బట్టి. "ఇది ఏ సందర్భంలో వాడాలో అద్దెకిచ్చినవాళ్లని అడుగుతానుండండి" అంటూ ఫోన్ తీశాడు. నేను వాడి చేతిలోంచి ఆ ముక్క లాక్కుని వెళ్లి యాభై సాకెట్లో గుచ్చేశాను.

మా శాఖలో ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే లావు తీగ కట్టే లైన్‌మెన్లుండేవారు. వాళ్లకి నేను మెమోలిచ్చేవాణ్ణి. ఇచ్చిన చేతులతోనే ఈ పని చేశాను. ఈసారి టక్ శబ్దం బయటి పెట్టెలోంచి కాక బండి లోపలినుంచి వచ్చింది. బండికి దాని సొంత మెయిన్ బ్రేకరుంది, మంచం కింద. ముప్పై ఆంపియర్లది. బయట మీరు యాభై పెట్టినా, శ్రీశైలం పవర్‌హౌసే తెచ్చి పెట్టినా, దాని గుండా ముప్పయ్యే వస్తుంది.

అప్పుడు చూశాను ప్లగ్గు మీది అక్షరాలు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని. 30ఏ, దాని పక్కన చాలా చిన్నగా, 125వి.

ఇక్కడి వోల్టేజీ 120 అని నాకు తెలియదా? దిగిన మర్నాడే మనవణ్ణి కూచోబెట్టి పాఠం చెప్పినవాణ్ణి నేను. వీధి ట్రాన్స్‌ఫార్మరు సెకండరీలో 240 వోల్టులుంటాయి, నడిమధ్య నుంచి న్యూట్రల్ తీస్తారు, అటు కొసకి నూట ఇరవై, ఇటు కొసకి నూట ఇరవై. ముప్పై ఆంపియర్ల ఆర్వీ సాకెట్టుకి వచ్చేది అందులో ఒక కొస మాత్రమే. అంటే 3,600 వాట్లు. అది కూడా గంటల తరబడి లాగాలంటే ఎనభై శాతం దాటకూడదు, అంటే మూడువేల లోపు. యాభై సాకెట్టుకి నాలుగు పిన్నులు, రెండు కొసలూ వస్తాయి, ఒక్కోదాంట్లో యాభై. కలిపితే 12,000 వాట్లు. ముప్పైకీ యాభైకీ తేడా ఇరవై అనుకుంటాం కానీ మూడు రెట్లకి మించి. కుక్క ఎముక పెట్టినా రెండో కొస మన బండికి అందదు. ఇదంతా కాగితం మీద గీసి అబ్బాయికి వివరించబోయాను, నేనే కనిపెట్టినట్టు. వాడు అప్పటికే ఫోన్లో చదివేసి, గీజరుని గ్యాసు మీదికి మార్చి, మైక్రోవేవు ఆగాకనే కుక్కరు పెట్టమని వాళ్లమ్మకి చెప్పి, ఏసీ వేశాడు. ఆ తర్వాత ఆ బండిలో ఒక్క బ్రేకరూ పడలేదు. పడితే బాగుండునని నాకు లోపల్లోపల ఉండేది.

మా పక్క స్థలంలో ఓ బస్సు ఉండేది. బస్సంటే నిజంగా బస్సే, నలభై అడుగులు. డెబ్భై దాటిన భార్యాభర్తలు. పొద్దున్నే కుర్చీలు వేసుకుని కాఫీ తాగుతూ పలకరించారు. మీ ఇల్లెక్కడ అని అడిగాను. ఇదే ఇల్లన్నారు. ఊళ్లో ఇల్లు అమ్మేసి ఏడాది పొడుగునా ఇందులోనే తిరుగుతారట. నాకు మనసు కలుక్కుమంది. ఈ వయసులో నిలువ నీడ లేకుండా రోడ్డు పక్కన, పిల్లలుండీ పట్టించుకోకుండా! మా ఆవిడతో చెబితే ఆవిడా కళ్లు తుడుచుకుంది. ఆ పూట పులిహోర కలిపి, అప్పడాలు వేయించి పట్టుకెళ్లాం. పెద్దాయన చేతులు పట్టుకుని, "పిల్లలు చూడరా?" అని నా ఇంగ్లీషులో అడిగాను కూడా. ఆయన కాసేపు అర్థంకాక చూసి, చూస్తారు, క్రిస్మస్‌కి అందరం కలుస్తాం అన్నాడు. పులిహోర మాత్రం ఇష్టంగా తిన్నారు, వేరుశనగలు ఏరుకుని మరీ.

అబ్బాయి తర్వాత చెప్పాడు, ఆ రకం డీజిల్ బస్సు కొత్తది లక్షల డాలర్లుంటుందని. వాడి ఇంటి అప్పు ఇంకా పాతికేళ్లు కట్టాలి.

ఆ దంపతులు అక్కడికొచ్చింది ర్యాలీకి కాదు, డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కి. ఇల్లు లేకుండా తిరిగే అమెరికన్లలో చాలామందికి కాగితాల మీద సొంతూరు సౌత్ డకోటాయేనట. ఇక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. రాపిడ్ సిటీ పక్కనున్న బాక్స్ ఎల్డర్ లాంటి చోట్ల ఉత్తరాలు అందుకుని మనం ఉన్న చోటికి పంపే సంస్థలున్నాయి. వాటి చిరునామా, క్యాంప్‌గ్రౌండులో ఒక రాత్రి పడుకున్నట్టు రసీదు, ఇంకొన్ని కాగితాలు ఉంటే లైసెన్సు ఇచ్చేస్తారు, అయిదేళ్లకి. మన దగ్గర రేషన్‌కార్డులో చిరునామా మార్చడానికి పడే అవస్థ గుర్తొచ్చి నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆయన జేబులోంచి రసీదు తీసి చూపించాడు. మేము కట్టిన అదే రెట్టింపు ధర అందులోనూ ఉంది. ఆయనా తిట్టుకున్నాడు. ఆ ఒక్క విషయంలో మేమిద్దరం సమానంగా ఉన్నాం.

ఇప్పుడు చెప్పబోయేది భోజనాల వేళ చదవకండి.

ఆర్వీకి మూడు ట్యాంకులు. మంచినీళ్లది ఒకటి. వంటింటి సింకు, స్నానం నీళ్లకి బూడిదరంగు ట్యాంకు అంటారు. మరుగుదొడ్డికి నల్లది. ఈ రెండూ బండి పొట్ట కింద ఉంటాయి, ఒక్కోదానికి ఒక లాగుడు వాల్వు. అక్కణ్ణుంచి లావుపాటి ముడతల పైపు నేలలోని చిల్లుకి పెట్టాలి. కరెంటులో పోయిన పరువు ప్లంబింగులో తెచ్చుకుందామని ఆ పనీ నేనే మీద వేసుకున్నాను. రెండు వాల్వులూ బార్లా లాగి వదిలేశాను. ఇంట్లో సెప్టిక్ ట్యాంకు పైపుకి ఎవరైనా వాల్వు పెట్టి మూస్తారా? ఎప్పటిదప్పుడు పోతుంది కదా.

పోయింది. నీరు ఎప్పటిదప్పుడు పోయింది. మిగతాది పోలేదు. నల్ల ట్యాంకు వాల్వు మూసే ఉంచాలి, ట్యాంకు నిండబోయేదాకా ఆగాలి. అప్పుడొక్కసారి లాగితే నీటి ఉరవడికి అన్నీ కొట్టుకుపోతాయి. తెరిచి వదిలేస్తే నీరు జారిపోయి గట్టిది అక్కడే ఉండి, దాని మీద ఇంకొంత చేరి, గుట్టగా లేస్తుంది. వీళ్లు దాన్ని పిరమిడ్ అంటారు. ఎండకి ట్యాంకు వేడెక్కి, మూడో పూటకల్లా బండిలో ఊదుబత్తీలు వెలిగించాల్సి వచ్చింది. పొగకి అలారం మోగింది. కోడలు ముక్కుకి చున్నీ కట్టుకుని, "మామయ్యగారూ, మీరు ఏ వాల్వు తీశారో కాస్త గుర్తుచేసుకోండి" అంది. అంత మర్యాదగా ఎవరైనా అడిగితే నాకు భయం.

పక్క బస్సు పెద్దాయనే వైద్యం చెప్పాడు. వాల్వు మూసెయ్యండి, టాయిలెట్లోంచి బకెట్లతో నీళ్లు పట్టించండి, ఓ పూట మలుపుల రోడ్డు మీద తిప్పుకు రండి, లోపల కుదుపుకి కరుగుతుంది, వచ్చాక లాగండి. మలుపుల రోడ్డు అనగానే నా బుర్ర పాదరసమైంది. క్యాంప్‌గ్రౌండు ఆఫీసులో పెట్టిన కరపత్రంలో చదివాను, ఐరన్ మౌంటెన్ రోడ్డులో 17 మైళ్లకి 314 మలుపులు. కానీ అది రష్‌మోర్‌కి పోయే దారి, ర్యాలీ జనంతో కిటకిటలాడుతుంది. రెండోది నీడిల్స్ హైవే, 14 మైళ్లు. సౌత్ డకోటా గవర్నరుగా, తర్వాత సెనేటరుగా చేసిన పీటర్ నార్బెక్ కాలినడకనా గుర్రం మీదా తిరిగి గుర్తుపెట్టిన దారి, 1922లో పూర్తయింది. సూదుల్లా నిలబడ్డ గ్రానైటు రాళ్ల మధ్య నుంచి పోతుంది. దృశ్యానికి దృశ్యం, కుదుపుకి కుదుపు అన్నాను.

సిల్వన్ లేక్ దగ్గర బోర్డుంది. ముందు సొరంగం, వెడల్పు 8 అడుగులు, ఎత్తు 9 అడుగుల 9 అంగుళాలు. అబ్బాయి బండి నెమ్మది చేశాడు. మా బండి వెడల్పు అద్దాలు మడిచినా ఎనిమిది దాటుతుంది, ఎత్తు పదకొండు. నేను ముందు సీట్లో ఉన్నాను. "ఇలాంటి బోర్డుల మీద ఎప్పుడూ మార్జిన్ వదిలి రాస్తారు. మేమూ అంతే, తీగకి మోయగలిగిన దానికంటే తక్కువే రాసేవాళ్లం" అన్నాను. మార్జిన్ వదిలినా అడుగుంపావు ఎత్తు ఎక్కడి నుంచి వస్తుందని అడిగే తీరిక వాడికి లేదు, ముందుకి పోనిచ్చాడు. కొంతదూరం పోయాక కోడలు వెనక నుంచి, "ఆపండి" అంది. అది మర్యాద లేని గొంతు. ఆపాడు. అప్పటికి మా వెనక పాతిక మోటార్‌సైకిళ్లున్నాయి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, బండి తిప్పే చోటు లేదు. ట్యాంకులో నా పాపం ఇంకా కదులుతూ ఉంది, చప్పుడు కూడా వినిపిస్తోంది.

మా ఆవిడ దిగి వెనక్కి వెళ్లి, రావులపాలెం బస్టాండులో కండక్టరులా "రానీ, రానీ, ఆ... రైట్" అనడం మొదలుపెట్టింది. ఆ బళ్లవాళ్లని చూసి నాకు చెమటలు పట్టాయి. తోలు కోట్లు, బొడ్డుదాకా గడ్డాలు, మెడ నిండా పచ్చబొట్లు, కపాలం బొమ్మలు. మూడు రోజులుగా వాళ్లని రౌడీలని తిట్టుకుంటున్నాను. వాళ్లలో అందరికంటే భారీ మనిషి బండి దిగి మా వైపు వచ్చాడు. నేను కిటికీ అద్దం పైకి ఎత్తేశాను. ఆయన నన్ను చూడను కూడా లేదు. మా ఆవిడకి చెయ్యి ఎత్తి దణ్ణం లాంటిదేదో పెట్టి, వెనక బళ్లన్నింటినీ పక్కకి తీయించి, రెండు చేతులతో సైగలు చేస్తూ మా బండిని అంగుళం అంగుళం వెనక్కి రప్పించాడు, తిప్పుకునే వెడల్పు దొరికేదాకా. ఆయన నిలబడ్డ చోటు సరిగ్గా నల్ల ట్యాంకు పక్కన. మొహం ఒక్కసారి చిట్లించి, మళ్లీ మామూలుగా పెట్టి, చేతులు ఊపుతూనే ఉన్నాడు. వెళ్లేటప్పుడు మనవడికి తన జాకెట్టు మీది బిళ్ల ఒకటి పీకి ఇచ్చాడు. నేను అద్దం దించి థాంక్స్ చెప్పేలోపు బండెక్కేశాడు.

తిరిగొచ్చాక వాల్వు లాగాం. పైపు మొదట్లో పారదర్శకమైన ప్లాస్టిక్ వంపు ఒకటి ఉంటుంది, లోపల ఏం పోతోందో కళ్లారా చూడటానికి. ఆ సదుపాయం కనిపెట్టినవాడి ఉద్దేశం మంచిదే అయ్యుంటుంది. ముందు నల్లది లాగాలి, తర్వాత బూడిదది, ఆ సబ్బునీళ్లతో పైపు శుభ్రపడుతుంది. ఆ వరస కూడా నేను తిరగేస్తానేమోనని అబ్బాయి నన్ను బల్ల దగ్గర కూచోమన్నాడు. మనవడు ఆ ప్లాస్టిక్ ముక్క దగ్గర గొంతుక్కూచుని రంగుల మీద వ్యాఖ్యానం చేశాడు.

రష్‌మోర్ చూశాం. నలుగురు ప్రెసిడెంట్లు, ఫోటోల్లో ఎలా ఉంటారో అలాగే ఉన్నారు. వదిలేస్తాను.

ఇంకొక్కటి ఉంది, నవ్వుతూ చెప్పలేనిది. రాపిడ్ సిటీ మధ్య నుంచి ఒక వాగు పారుతుంది, రాపిడ్ క్రీక్. దాని వెంబడి ఊరి ఈ కొస నుంచి ఆ కొసదాకా పచ్చిక, చెట్లు, నడకదారి, గోల్ఫ్ మైదానం. ఇళ్లు లేవు, కొట్లు లేవు. పొద్దున అక్కడ నడిచొచ్చి, క్యాంప్‌గ్రౌండు ఆఫీసులో కూచునే పెద్దావిడతో అన్నాను: ఇంత బంగారం లాంటి జాగా ఊరి మధ్య ఖాళీగా పెట్టుకుని, మమ్మల్ని ఈ కంకరలో పడుకోబెడతారేమిటి, ఆ వాగొడ్డున ఆర్వీ పార్కు పెడితే మునిసిపాలిటీకి ఎంత ఆదాయం! ప్లాను నేను గీసిస్తానన్నాను.

ఆవిడ కౌంటరు తుడవడం ఆపింది. 1972 జూన్ 9 రాత్రి, తనకి పదేళ్లట. కొండల్లో కొన్నిచోట్ల ఆరుగంటల్లో పదిహేను అంగుళాల వాన. ఎగువన కాన్యన్ లేక్ ఆనకట్ట తెగింది. 238 మంది పోయారు, 1,335 ఇళ్లు కొట్టుకుపోయాయి. ఇప్పుడు నేను నడిచొచ్చిన చోటంతా అప్పుడు ఇళ్లే. ఆ తర్వాత ఊరు ఆ నేలంతా కొనేసి పార్కులు చేసింది, వాగు పక్కన మళ్లీ ఇళ్లు కట్టనివ్వలేదు. తరగతిలో తన బెంచీలో కూచునే ఒక పిల్ల సెలవుల తర్వాత రాలేదని చెప్పి, మళ్లీ కౌంటరు తుడుచుకుంది.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో స్తంభాలు నిలబెట్టడానికి పంపిన కుర్ర ఇంజనీర్లలో నేనొకణ్ణి. అవనిగడ్డ దాటాక ఏం చూశానో మా ఆవిడకి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. పదివేల మందికి పైగా పోయిన నేల మీద నడిచినవాణ్ణి. నీటి పక్కన చదునుగా, నున్నగా, ఇళ్లు లేకుండా ఉన్న జాగాని చూస్తే ముందు నాకు తట్టాల్సింది ఏమిటి? నాకు తట్టింది స్థలానికి రాత్రికెంత వసూలు చెయ్యొచ్చోనని. ఆవిడకి క్షమాపణ చెప్పడానికి నోట్లో ఇంగ్లీషు రాలేదు. మా ఆవిడ మిగిలిన పులిహోర పొడి సీసాలో పోసిస్తే పట్టుకెళ్లి ఇచ్చాను. అది అన్నంలో ఎలా కలుపుకోవాలో చెప్పడానికి మాత్రం చాలాసేపు పట్టింది, ఆవిడ ఓపిగ్గా కాగితం మీద రాసుకుంది.

రాజమండ్రి తిరిగొచ్చాక మా పెన్షనర్లంతా నన్ను పిలిచి అమెరికా విశేషాలు చెప్పమన్నారు. నల్లబల్ల తెప్పించుకున్నాను. వీధి ట్రాన్స్‌ఫార్మరు బొమ్మ గీసి, నడిమి న్యూట్రల్, అటు నూట ఇరవై, ఇటు నూట ఇరవై, ముప్పై సాకెట్టుకి మూడు పిన్నులెందుకు, యాభైకి నాలుగెందుకు, అజాగ్రత్తపరులు అక్కడ ఎలా బోల్తాపడతారు, అన్నీ వివరించాను. బాగా రక్తి కట్టింది. చప్పట్లు కొట్టారు. అంతలో వెనక వరసలోంచి, ఒకప్పుడు లావు ఫ్యూజు తీగ కట్టినందుకు నా చేతి మెమో తీసుకున్న లైన్ ఇన్‌స్పెక్టరు ఒకాయన లేచి, "అంతా బావుంది సార్, మరి ఆ బండిలో బాత్రూము సంగతి ఎలాగండీ?" అని అడిగాడు.

టీలు చల్లారిపోతున్నాయన్నాను.